వడపోత

ట్రాయ్, మిచిగన్
ఆగస్టు 10, 1980

మా నాగమణత్తకి,

నువ్వు ప్లేనో చేరిన సంగతి విజయశ్రీ ఫోన్ చేసి చెప్పింది. విమానంలో బాత్రూం తలుపు ఎటు లాగాలో తెలియక లోపలే ఉండిపోయావట, ఎయిర్ హోస్టెస్ వచ్చి తీస్తే ఆమెనే కోప్పడ్డావట! మీనా పడీపడీ నవ్వింది. "నానమ్మ స్టక్ అయ్యిందా? రియల్లీ స్టక్?" అని అడిగిందే అడుగుతోంది. కూతురింట్లోనైనా ఆ మోకాళ్ళకి కాస్త విశ్రాంతి ఇవ్వు. అక్కడ కూడా వంటగదిలో దూరావంటే మీ అమ్మాయితో నేనే పోట్లాడతాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఈ మాట నీకు ఎన్నోసార్లు అబద్ధంగా రాశాను, ఈసారి నిజంగానే రాస్తున్నాను. పిట్స్‌బర్గ్ వెంకన్న గుళ్ళో గుండు చేయించుకుని వచ్చాక బావ మళ్ళీ సీసా ముట్టలేదు. బేస్‌మెంట్‌లో దాచుకున్నవి కూడా తనే సింక్‌లో పారబోశాడు. గుండుతో కొత్త ఆఫీసుకి వెళితే వాళ్ళ బాస్ ఇదేమైనా జబ్బా అని అడిగాడట, "రెలిజియస్, రెలిజియస్" అని చెప్పుకోలేక చచ్చాడట. కృష్ణమోహన్ గారి సంగతి చెప్పక్కర్లేదు. మన తెలుగు సంఘానికి పెద్దమనిషి కదా, ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా "వెంకన్న మొక్కంటే మాటలా! దామోదర్‌ని చూడండి" అని ఒకటే ప్రచారం. ఏదైతేనేం, ఇంట్లో నేను నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకు భయం కలిగించడం లేదు.

నువ్వున్నప్పుడే జరిగింది కాబట్టి కుక్కర్ మూత గురించి నీకు మళ్ళీ చెప్పను. కనుబొమ్మ మీద కుట్ల గుర్తు అలాగే ఉంది. ఆ రోజు నువ్వు తువ్వాలు తడిపి నా కంటికి అదిమిపట్టి, "వాడు కాదే కొట్టింది, వాడి కడుపులో మందు కొట్టింది. మీ మామయ్యా అంతే. అది మానేశాక ఆయనంత మెత్తని మనిషి లేడు" అన్నావు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది అత్తా. రక్తం కారుతుంటే కొడుకుని వెనకేసుకొస్తుందేమిటి అనుకున్నాను. కానీ మొక్కు ఆలోచన నీదే, బావని కారెక్కించి పిట్స్‌బర్గ్ దాకా లాక్కెళ్ళిందీ నువ్వే. నీ మాటే నిజమైంది.

నా పనేమిటో అక్కడివాళ్ళు అడుగుతున్నారనీ నీకు చెప్పడం చేతకావడం లేదనీ అన్నావు. చెబుతాను, విని అన్నం మానేయకు. అప్పుడే పుట్టిన కోడిపిల్లలకి సూదితో ఒక వైరస్ ఎక్కిస్తాం. కొన్నాళ్ళకి వాటికి రక్తపు కేన్సర్ వస్తుంది. రెక్కలు వాల్చేసి, మెడ నిలపలేక, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అప్పుడు ఒక్కోదాన్ని ఎడమచేత్తో వెల్లకిలా పట్టుకుని గుండెలోకి సూది దింపి రక్తం లాగేస్తాం. అరిచే ఓపిక కూడా ఉండదు వాటికి. కాళ్ళు రెండూ నా మణికట్టు మీద గీరుకుంటాయి, అంతే. ఆ రక్తం ఎర్రగా కూడా ఉండదు, పాలిపోయి ఉంటుంది. నేను కోడికూర వండటం ఎందుకు మానేశానో ఇప్పుడు తెలిసిందా? బావ అది పొగరనుకున్నాడు, దానికీ తన్నులు తిన్నాను.

ఆ రక్తంలో వైరస్ ఉంటుంది, ఆ వైరస్‌లో ఒక ఎంజైమ్ ఉంటుంది. మాకు కావలసింది అది. మామూలుగా మన ఒంట్లో ప్రతి కణంలోనూ రాత ఒకవైపే నడుస్తుంది, డీఎన్‌ఏని చూసి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. ఈ ఎంజైమ్ వెనక్కి నడుస్తుంది. వైరస్ తెచ్చిన ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ నకలు తీస్తుంది. తీస్తూనే, తను చూసి రాసిన ఆ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు ముక్కలుగా నరికేస్తుంది. ఆ నకలుకి జంటగా రెండో పోగు కూడా తనే అల్లుతుంది. ఇన్ని పనులూ ఒక్కదానివే! ఈమధ్య నాకు ఇంకొకటి కనబడింది. నేను తీసిన ఎంజైమ్ మామూలు డీఎన్‌ఏకి కూడా గాటు పెడుతోంది. మా బాస్ హెన్రిక్సన్ కొట్టిపారేశాడు. "శశీ, అది మన ఎంజైమ్ పని కాదు. కోడి రక్తంలోంచి వేరే చెత్త ఏదో అంటుకొచ్చింది. క్లీన్ చేయి, పోతుంది" అన్నాడు. అదే అయ్యుంటుంది. నువ్వు బావ గురించి అన్న మాటా, ఆయన ఎంజైమ్ గురించి అన్న మాటా ఒక్కటే కదా అని నవ్వొచ్చింది. ఇద్దరిదీ నిజం కావాలని కోరుకుంటున్నాను.

మోకాళ్ళకి నూనె రాసుకో.

నీ మేనకోడలూ కోడలూ,
శశికళ


ఆన్ ఆర్బర్
అక్టోబరు 29, 1980

అత్తా,

అక్షరాలు చూసి మీనా రాసిందనుకునేవు. నేనే. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. రెండు వేళ్ళకి ఆపరేషన్ చేసి కడ్డీలు వేశారు, మళ్ళీ మడత పడతాయో లేదో డాక్టర్ చెప్పడం లేదు. నేనూ మీనా నా స్నేహితురాలు ఉషా ఇంట్లో ఉన్నాం. బావకి ఈ ఇల్లు తెలియదు, నువ్వూ చెప్పకు. చెప్పవనే నమ్మకంతోనే ఎక్కడున్నదీ పైన రాశాను.

కృష్ణమోహన్ గారు ల్యాబ్‌కి వచ్చారు. నీతో ఫోన్‌లో మాట్లాడానన్నారు. కేసు వెనక్కి తీసుకోమని నువ్వు కూడా చెప్పావట. "చూడమ్మా, వాడు మంచివాడు. లేఆఫ్ టెన్షన్ ఇంకా పోలేదు. కొత్త జాబ్, గ్రీన్‌కార్డు మ్యాటర్ నడుస్తోంది, ఈ టైంలో పోలీసు రికార్డంటే వాడి లైఫ్ ఏం కావాలి? మన తెలుగువాళ్ళ పరువేం కావాలి?" అన్నారు. నా చెయ్యి వంక ఒక్కసారి కూడా చూడలేదు ఆ పెద్దమనిషి. నీకు ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు. ఏం జరిగిందో నా నోటితో విను.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనాలు. బావ మందు మానేసినందుకు పార్టీ. గులాబ్‌జామ్‌లు తినిపించి, చప్పట్లు కొట్టి, పిల్లలందరి చేతా "కంగ్రాచులేషన్స్ దామోదర్ అంకుల్" అనిపించారు. మందు మానేసినవాడికి సన్మానమేమిటని నాకు నవ్వొచ్చింది కానీ ఊరుకున్నాను. భోజనాల దగ్గర ఎవరో నా రీసెర్చ్ గురించి అడిగారు. నేను చెప్పాను. మగవాళ్ళు కూడా తినడం ఆపి విన్నారు. కృష్ణమోహన్ గారు, "ఏమోయ్ దామోదర్, మీ ఆవిడ గుండెలోకి సూదులు దింపే మనిషట, జాగ్రత్త!" అన్నారు. అందరూ నవ్వారు. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు.

భోజనాలయ్యాక ఇంటికొచ్చాం. గరాజ్‌లోకి వచ్చాక మీనా ముందు దిగి మెట్లెక్కింది. నేను దిగి, వెనక సీట్లోని గిన్నెల కోసం వంగాను. కుడిచెయ్యి తెరిచి ఉన్న ముందు తలుపు చట్రం మీద ఉంది. బావ అటువైపు నుంచి చుట్టూ తిరిగొచ్చి తలుపు మూశాడు. పొరపాటున పడిందనుకున్నాను అత్తా, అరుస్తూ కూడా "బావా, చెయ్యి! చెయ్యి ఉంది!" అన్నాను. తెరిచాడు. నా వేళ్ళు చూశాడు. చెయ్యి లాక్కునే లోపల మణికట్టు పట్టుకుని, అక్కడే పెట్టి, మళ్ళీ మూశాడు. ఈసారి తన భుజంతో తోశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

కింద పడిపోయాను. జుట్టు పట్టుకుని గరాజ్ మెట్ల మీదుగా వంటింట్లోకి ఈడ్చాడు. అవెన్ తలుపుకేసి నా తల కొట్టాడు, అద్దం పగిలేదాకా. అరవలేదు, తిట్టలేదు, చాలా నెమ్మదిగా ఉన్నాడు. తర్వాత నా మీదికి వంగి ముఖంలో ముఖం పెట్టి నోటితో గాలి ఊదాడు. "వాసన చూడవే. ఉందా? చెప్పు, ఉందా? చుక్క కూడా లేదు. ఇప్పుడు దేని మీదకి నెడతారు మీ అత్తాకోడళ్ళు?" అన్నాడు. నిజంగానే వాసన లేదు. యాలకుల వాసన వచ్చింది, గులాబ్‌జామ్ పాకంది.

పక్కింటి కొవాల్‌స్కీ ఆవిడ గరాజ్‌లో అరుపులు విని పోలీసుల్ని పిలిచింది. వాళ్ళొచ్చేసరికి బావ చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, సోఫాలో కూర్చుని ఉన్నాడు. యాక్సిడెంట్ అన్నాడు. మీనా మెట్ల మీద నిలబడి, "నో. డాడీ డిడ్ ఇట్. దెన్ హీ డిడ్ ఇట్ అగైన్" అంది. దానికి ఐదేళ్ళు.

ఇప్పుడు మనం ఇద్దరం కూర్చుని లెక్క తేల్చుకుందాం. మొదట్లో నువ్వు చలి అన్నావు, మంచులో పడి ఉంటే మగవాడికి పిచ్చెక్కదా అన్నావు. ఎండాకాలంలోనూ కొట్టాడు. కిందటేడు నా ఉద్యోగం వల్ల చిన్నబుచ్చుకుంటున్నాడని లీవ్ పెట్టించావు. ఇంట్లో కూర్చున్న ఆ నెల్లోనే నా చెవి కర్ణభేరి పగిలింది. నీకు చెప్పలేదది. తర్వాత లేఆఫ్ అన్నారు, ఇదివరకటి కంటే మంచి ఉద్యోగం దొరికింది. ఆఖరికి మందు. ఆ మొక్కుని బావ ఎంత నిష్ఠగా పాటించాడో నేను కోర్టులో కూడా ఒప్పుకుంటాను. ఒక్కొక్కటే వడపోసి తీసేశాం అత్తా, నువ్వూ నేనూ కలిసి. అడుగున ఏం మిగిలింది?

ల్యాబ్‌లో నేను చేసే పనీ ఇదే. పొడుగాటి గాజు గొట్టంలో తెల్లటి గుజ్జు నింపి, పైనుంచి మా సరుకు పోస్తాను. కింద చుక్కచుక్కగా దిగేది వరసగా చిన్న గొట్టాల్లో పడుతుంది. వేరువేరు వస్తువులైతే ఒకటి ముందు, ఒకటి వెనక, విడివిడిగా దిగాలి. నకలు తీసే పని ఏ గొట్టంలో ఉందో, గాటు పెట్టే పని ఏ గొట్టంలో ఉందో చూస్తాను. హెన్రిక్సన్ చెప్పినట్టే చెత్త అనుకుని రకరకాల గుజ్జులు మార్చాను. ఎంత శుభ్రం చేస్తే గాటు అంత స్పష్టమైంది. ప్రతిసారీ రెండూ ఒకే గొట్టంలో దిగాయి. వేరే ఊళ్ళలో కూడా ఇలాగే చూస్తున్నారట. కిందటి వారం హెన్రిక్సన్ కాగితాలు ముందేసుకుని లెక్కలన్నీ మళ్ళీ చూసి, "చెత్త కాదు. దాని పనే" అన్నాడు. నా కట్టు వంక చూసి తల దించుకున్నాడు.

ఆ గాటు ఎందుకో తెలుసా? ఆ సందులో వైరస్ తన నకలుని దూర్చేస్తుంది. దూరిందంటే ఇక బయటికి రాదు. ఆ కణానికి పుట్టే ప్రతి కణంలోనూ అదే ఉంటుంది. మొన్న ఉషా వాళ్ళ ఇంట్లో మీనా తన బొమ్మని బీరువా దగ్గర నిలబెట్టి, దాని చెయ్యి తలుపు సందులో పెట్టి, మూస్తోంది. మళ్ళీ తీసి మూస్తోంది. ముఖంలో కోపం లేదు. వాళ్ళ నాన్న ముఖంలోనూ లేదు. నేను బాత్రూంలోకి వెళ్ళి నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాను. నా వేళ్ళు పోతే పోనీ. ఇది మాత్రం నా పిల్లలోకి ఎక్కనివ్వను.

అందుకని కేసు వెనక్కి తీసుకోను. విడాకులకి కూడా వేశాను, మీనాని నాకే ఇమ్మని అడిగాను. బావ వదలనంటున్నాడు. నేను రోజంతా వైరస్‌లతో ఉంటాననీ, పిల్లకి అంటిస్తాననీ, కోడిపిల్లల్ని చంపీ చంపీ నా మనసు బండబారిపోయిందనీ వాళ్ళ లాయరు వాదిస్తాడట. నువ్వు వచ్చి, కొడుకు మంచివాడనీ అదంతా తాగుడువల్లేననీ, అది మానేశాడనీ సాక్ష్యం చెబుతావట. కన్నతల్లి మాటకి విలువెక్కువ. నువ్వు అలా చెబితే మీనా నాకు దక్కకపోవచ్చు. నా తండ్రికి తోబుట్టువువి, నిన్ను రావద్దని అనలేను. కానీ నా వంక చూస్తూ చెప్పు. అంతే అడుగుతున్నాను.

శశికళ


ప్లేనో
నవంబరు 5

నా తమ్ముడి కూతురు శశికి, నూరేళ్ళ ఆయుష్షు దీవించి అత్త రాసేది.

నీ ఉత్తరం విజయశ్రీ చదివి వినిపించింది. సగంలో కాగితాలు నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయింది. మిగతాది నీ ఎడమచేతి అక్షరాలు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. నీ ఎంజైమ్ సంగతి నాకు అంతా బోధపడలేదు కానీ కావలసింది బోధపడింది. చేతికి చల్లగాలి తగలనీయకు. ఉషాకి నా దీవెనలు చెప్పు.

శశీ, మీ మామయ్య టీ కూడా తాగేవాడు కాదే.

ఖరగ్‌పూర్ రైల్వే స్కూల్లో ఆయనంత పద్ధతైన మాస్టారు లేడని పేరు. పొద్దున్నే లేచి స్నానం, జపం, ఇస్త్రీ పంచె. ఆ పంచె నలిగితే నా జడ పట్టుకునేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని నా అరచేతిలో నిప్పు పెట్టి, గుప్పిట మూయమని, ఆయన చేతులతో నొక్కి పట్టుకున్నాడు. దవడ విరగ్గొట్టి పళ్ళు రాలగొట్టినప్పుడు విజయ నా కడుపులో ఉంది. పుట్టింటికొస్తే మీ నాన్న, "ఏంటక్కా ఆ పళ్ళు?" అని అడిగాడు. తాగి కొట్టాడురా అన్నాను. ఎందుకన్నానో తెలుసా? తాగి కొట్టాడంటే నా మీద జాలి పడతారు. తాగకుండా కొట్టాడంటే నేనేదో చేసే ఉంటాననుకుంటారు. మీ అందరికీ తెలిసిన మీ మామయ్య తాగుడు నా నోట్లోంచే పుట్టింది. ఆయన మెత్తబడింది మానేసి కాదు, పక్షవాతం వచ్చి చెయ్యి లేవక.

అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. అది విజయకి కూడా ఈవేళే చెప్పాను. ఆయన నన్ను కొట్టబోయే ముందు దామోదర్‌ని పిలిచి, వీధి తలుపు వేసి రమ్మనేవాడు. ఇరుగుపొరుగుకి వినబడకుండా. వాడికీ అప్పుడు నీ కూతురి వయసే. వెళ్ళి, గడియ అందక పీట వేసుకుని తలుపు వేసి వచ్చి, నాన్న పక్కన నిలబడేవాడు. ఏడ్చేవాడు కాదు. మొదట్లో ఏడ్చేవాడు, తర్వాత మానేశాడు. వాడు ఏడవడం మానేసిన రోజున నేను పిల్లల్ని తీసుకుని రైలెక్కి ఉండాల్సింది. నాకు ఎక్కే రైలు లేదు. నీకుంది. నువ్వు ఎక్కావు. దిగమని చెప్పేవాళ్ళ నోట్లో మన్ను పడ, అందులో కృష్ణమోహన్ మొదటివాడు. నేను కేసు తీసేయమన్నానని వాడెందుకన్నాడో వాణ్ణే అడుగు. ఫోన్‌లో "ఊఁ, ఊఁ" అన్నాను, అంతే. ఆలోచించుకోనివ్వాలి కదా మనిషిని!

దామోదర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. "అమ్మా, నువ్వొచ్చి చెబితే చాలు. జడ్జి ముందు ఏడు, నా కొడుకు తాగుడు మానేశాడని చెప్పు. మిగతాది లాయరు చూసుకుంటాడు" అంటున్నాడు. వస్తాను నాన్నా అన్నాను. వాడు నా కొడుకు శశీ. నాకు వాడి మీద ప్రేమ చావలేదు, చస్తుందని నువ్వు అనుకోకు. వాడు చిన్నప్పుడు జ్వరం వస్తే నా చీరకొంగు పట్టుకునే పడుకునేవాడు. రాత్రంతా అదే గుర్తొచ్చి ఏడ్చాను. కానీ వాళ్ళ నాన్న గురించి ఎవరూ ఎక్కడా చెప్పలేదు, వాడు ఇలా తయారయ్యాడు. ఇప్పుడు వాడి గురించి నేనూ చెప్పకపోతే ఇంకేముంది?

వాడు పంపిన టిక్కెట్టుతోనే వస్తున్నాను. వాడి లాయరే నన్ను బోనెక్కించనీ. వాడు తాగుడు మానేశాడా అని అడగనీ. మానేశాడు బాబూ, అంటాను. ఆ తర్వాత నా కట్టుడుపళ్ళు తీసి జడ్జి గారి బల్ల మీద పెట్టి, తాగనివాడు ఏం చేస్తాడో చెబుతాను. విజయశ్రీ నా పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతుంది. మొదట అన్న గురించి నా నోటితో ఎలా చెప్పనమ్మా అని ఏడ్చింది, ఇప్పుడు తన బ్యాగు కూడా సర్దుకుంటోంది.

వచ్చే బుధవారం పొద్దున డెట్రాయిట్‌లో దిగుతాం. ఎయిర్‌పోర్టుకి వస్తానన్నాడు వాడు. టిక్కెట్టు సాయంత్రం విమానానికి మార్పించానని చెప్పాను. పొద్దున నువ్వు రా.

నీ మేనత్త,
నాగమణి